ముఖం స్పష్టంగా లేదు

మా పెద్దమ్మ చేతికి కెమెరా కంటే ముందు పెన్సిలు వచ్చింది. మా తాతకు బజారులో ఫొటో స్టూడియో ఉండేది. ముందు గదిలో కుర్చీ, దాని వెనక తెర, పక్కగదిలో ఎర్రదీపం, మెట్లకింద ఒక చిన్న బల్ల. ఆ బల్లమీద పదమూడో ఏట నుంచీ ఆవిడ నెగెటివ్‌లు దిద్దేది. సూదిమొనలా చెక్కిన పెన్సిలుతో నెగెటివ్ మీద సన్నగా గీస్తే, ఫొటో అచ్చు వేసినప్పుడు ఆ చోటు తెల్లబడుతుంది. మచ్చలు పోతాయి, ముడతలు పోతాయి, ఒంటి రంగు కూడా పోతుంది. వచ్చేవాళ్ళు ఇంకేది అడిగినా అడక్కపోయినా "కాస్త తెల్లగా పడాలండీ" అనకుండా కుర్చీ ఎక్కేవారు కాదు. "మా అమ్మాయి చూసుకుంటుంది లెండి" అనేవాడు తాత. ఆ విధంగా ఊళ్ళో సగం గోడలమీద వేలాడే చామనఛాయ మనుషులు మా పెద్దమ్మ పెన్సిలు పుణ్యమా అని పాలరాతి బొమ్మలయ్యారు.

మా అమ్మ ఆవిడకు స్వయానా చెల్లెలు. పెద్దమ్మ పచ్చగా ఉంటుంది, మా అమ్మ నలుపు, నేను అమ్మ పోలిక. నా నాలుగో ఏట తీసిన ఫొటోను పెద్దమ్మ ఎంతో ప్రేమగా దిద్దింది. దాన్ని నా చేతికిస్తే "ఈ పాప ఎవరు పెద్దమ్మా?" అని అడిగానట. చాలాకాలం ఆ సంగతి అందరికీ నవ్వుతూ చెప్పేది. తరవాత్తరవాత చెప్పడం మానేసింది.

తాత పోయాక స్టూడియో నిలబడలేదు. అప్పటికే పెద్దనాన్న కూడా లేడు, పిల్లలు లేరు. నలభై రెండో ఏట ఆవిడ పరీక్ష రాసి ప్రభుత్వ గుర్తింపు కార్డుల ఆఫీసులో ఫొటోగ్రాఫరుగా చేరింది. పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతి మనిషికీ ఫొటోతో కార్డు ఇవ్వాలని చట్టం వచ్చిన కొత్త. ఓటుకు అదే, ఉద్యోగానికి అదే, ఆస్పత్రిలో చేరాలన్నా అదే. రెండేళ్ళకు నేనూ అక్కడే టైపిస్టునయ్యాను. అందువల్ల ఇక్కడ చెప్పేవాటిలో చాలామటుకు నా కళ్ళతో చూసినవే.

ఆఫీసు ఒక పాత గోదాము మేడమీద ఉండేది. ఇరవై ఆరు మెట్లు. వరస మెట్లమీదుగా కిందికి దిగి, వీధి మలుపు దాకా సాగేది. మొదటి బల్ల దగ్గర గుమాస్తా కాగితాలు చూస్తాడు, రెండో బల్ల దగ్గర నేను వివరాలు కొడతాను, పరదా దాటితే పెద్దమ్మ. అక్కడ మూడుకాళ్ళ మీద కెమెరా, ఒక దీపం, తెల్లతెర, వీపు ఆనని కుర్చీ. గోడకు పైఆఫీసు వారి ఉత్తర్వు అంటించి ఉండేది. దీపం ఎంత దూరంలో పెట్టాలో, లెన్సు ఏ గీత మీద ఉండాలో అన్నీ అందులో రాసి ఉన్నాయి. ఎవరు వచ్చి కూర్చున్నా అదే కొలత, నిమిషానికి ఒకరు. "కూర్చోండి, ఇటు చూడండి, లేవండి." ఆ మూడు మాటలూ పెద్దమ్మ రోజుకు మూడువందల సార్లు అనేది. నిద్రలో కూడా అంటుందని మా అమ్మ వేళాకోళం చేసేది.

ఊరికి తూర్పున రేవు. దాన్ని ఆనుకుని రేవు పేట. నాలుగు తరాల కిందట ఓడల్లో కూలికి తెచ్చిన జనం సంతానం అక్కడ ఉండేవారు. మాకంటే బాగా నలుపు, జుట్టు దట్టంగా ఉంగరాలు తిరిగి ఉంటుంది. మాట మాత్రం మా మాటే. మా ఇళ్ళలో మరిచిపోయిన సామెతలు కూడా వాళ్ళ నోట వినిపించేవి. అయినా ఊరికి వాళ్ళు రేవువాళ్ళే. వాళ్ళలో ఒకడు తాగి తూలితే రేవువాళ్ళంతా తాగుబోతులు. ఒకడు పరీక్షలో మొదట వస్తే మాత్రం వాడొక్కడే తెలివైనవాడు.

ఒక సోమవారం పైఆఫీసు నుంచి గుడ్డలో కట్టిన మూట వచ్చింది. మూడువందల పన్నెండు దరఖాస్తులు వెనక్కి పంపారు. ఒక్కో ఫొటో మీద ఎర్రసిరా ముద్ర: "ముఖం స్పష్టంగా లేదు." జాబితా టైపు చేస్తూ చిరునామాలు చూశాను. ఎనిమిది తప్ప అన్నీ రేవు పేటవే.

ఆఫీసరుగారు చెడ్డవాడు కాదు. గోడమీద కాగితం చెప్పిందే ఆయనకు వేదం, అంతే. అందరినీ మళ్ళీ పిలిపించి మళ్ళీ తీయమన్నాడు. మళ్ళీ అదే దీపం, అదే కొలత. మళ్ళీ అవే తిరిగొచ్చాయి. ఈలోగా నెలాఖరు తరవాత కార్డు లేనివాళ్ళను రేవు గేటు దాటనివ్వబోమని నోటీసు అంటించారు. ఊళ్ళో ఒక జోకు కూడా పుట్టింది. రేవువాళ్ళకు ముఖాలే లేవట, సర్కారే ముద్ర కొట్టిందట. మా గుమాస్తా దాన్ని మొదటి బల్ల దగ్గర గట్టిగానే చెప్పాడు. వరసలో ఉన్న రేవు పేట మనుషులు విననట్టు మెట్లవైపు చూశారు. వాళ్ళ వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు.

ఆ వారంలోనే క్రేను నడిపేవాయన మూడోసారి వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఉతికిన చొక్కా, గుండీలన్నీ పెట్టుకుని, టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. పెద్దమ్మ తలెత్తకుండానే "కూర్చోండి, ఇటు చూడండి" అంది.

ఆయన కూర్చోలేదు. "అమ్మా, ఒక మాట చెప్పి కూర్చుంటాను. మా ఇంట్లో అద్దంలో నా ముఖం నాకు బాగానే కనిపిస్తుంది" అన్నాడు.

కోపంగా అనలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. పరదా ఇవతల నాకు ప్రతి మాటా వినిపించింది.

పెద్దమ్మ తలెత్తింది. ఆయన్ని చూసింది. తరవాత నాతో చెప్పింది, అంతకుముందు రెండుసార్లు ఆ మనిషిని ఫొటో తీసి కూడా, ఎడమ కనుబొమను రెండుగా చీల్చిన మచ్చను అప్పుడే మొదటిసారి చూసిందట. ఒక గంట ఆగగలరా అని ఆయన్ని అడిగి, పరదా దించి, తిరిగొచ్చిన మూటను వెనక ఫొటోలు కడిగే ఎర్రదీపం గదిలోకి తీసుకుపోయింది. పేరుకు అది చీకటిగదే గానీ ఆవిడ పెద్ద దీపం వేసుకుంది. నన్నూ పిలిచింది.

బల్లనిండా, నేలనిండా ఫొటోలు పరిచింది. అన్నింటిలోనూ తెల్లటి తెర, దాని ముందు నల్లటి మచ్చ. నుదుటి మీద దీపం పడి చిన్న మెరుపు. కళ్ళెక్కడో, పెదవులెక్కడో ఊహించుకోవాలి. ఆడా మగా అన్నది కూడా చొక్కాను బట్టే తెలుస్తోంది.

"ఇవన్నీ నేను తీసినవేనే" అంది పెద్దమ్మ. "కూర్చోమన్నాను, లేవమన్నాను. ఒక్కళ్ళనీ చూడలేదు."

ఉత్తర్వులోనే అలా ఉంది కదా, నీ తప్పేముంది అన్నాను. అది నిజమే. కానీ స్టూడియోలో పెరిగిన మనిషికి దీపం సంగతి ఎవరో చెప్పాలా అని ఆవిడ బాధ. ఆ ఉత్తర్వు రాసినవాళ్ళు ఎవరో ఒక చామనఛాయ మనిషిని కూర్చోబెట్టి కొలత కట్టి ఉంటారనీ, ఆ మనిషికి సరిపోయింది దేశమంతటికీ సరిపోతుందనుకున్నారనీ అంది. ఆ తరవాత చాలాసేపు నా ముఖంవైపే చూసింది. "నిన్నూ చెరిపేశాను చిన్నప్పుడు" అంది. నేను ఫొటోలు ఏరడం మొదలుపెట్టాను.

క్రేనాయన్ని కూర్చోబెట్టి ఆ మధ్యాహ్నం ఆవిడ చేసిన పని నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. దీపాన్ని ఆయన ముఖం మీద నుంచి తిప్పేసి పక్క గోడవైపు పెట్టింది. ఆ గోడకు తెల్లదుప్పటి కట్టింది. దీపం వెలుగు దుప్పటి మీద పడి మెత్తగా ఆయన మీదికి వచ్చింది. కుర్చీని రెండడుగులు ముందుకు జరిపింది. లోపలికి ఎక్కువ వెలుగు పడేలా లెన్సును రెండు గీతలు తెరిచింది. ఒకటి తీసి, దీపం జరిపి ఇంకొకటి, ఇంకా జరిపి మరొకటి. అచ్చులు తీసి, తడి ఆరకముందే పళ్ళెంతో సహా బయటికి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

మూడో ఫొటోలో మనిషి ఉన్నాడు. చీలిన కనుబొమ, గడ్డంలో అక్కడక్కడా నెరిసిన వెంట్రుకలు, ఎడమవైపు కాస్త పైకి లేచిన పెదవి. నవ్వు ఆపుకుంటున్నట్టుండే మనిషి. అదే ఆయన ముఖం.

ఆయన పళ్ళెం మీదికి వంగి చూశాడు. తరవాత తన ఇంట్లో ఉన్న ఒక ఫొటో గురించి చెప్పాడు. రేవు కట్టినప్పుడు కూలీలందరినీ నిలబెట్టి తీశారట. వాళ్ళ తాత రెండో వరసలో ఉన్నాడట. "టోపీని బట్టి ఆయనని చెప్పుకుంటామమ్మా. ముఖం ఎవరికీ తెలియదు. మా మనవలు అడిగితే టోపీ చూపిస్తాం" అన్నాడు.

మర్నాటి నుంచి పెద్దమ్మ ఎవరికి కావలసిన వెలుగు వాళ్ళకు పెట్టసాగింది. రేవు పేటంతటికీ ఒక కొత్త కొలత పెట్టుకుంటే పని త్వరగా అవుతుందని నేను సలహా ఇచ్చాను. ఒప్పుకోలేదు. వాళ్ళలో మాత్రం అందరిదీ ఒకే రంగా? కళ్ళు లోతుగా ఉన్నవాళ్ళున్నారు, బుగ్గలు ఎత్తుగా ఉన్నవాళ్ళున్నారు, కూర్చున్నాకే తెలుస్తుంది అంది. కుర్చీలో కూర్చున్న మనిషిని ముందు ఊరికే చూసేది, ఏదో ఒకటి అడిగేది, అప్పుడు దీపం జరిపేది. నిమిషం పని నాలుగు నిమిషాలైంది.

వరస పెరిగింది. గొణుగుడు మొదలైంది. ఒక్కొక్కళ్ళకీ పెళ్ళిఫొటో తీస్తోందా ఏమిటి అని గుమాస్తా విసుక్కున్నాడు. వాళ్ళకోసం మనం ఎండలో మాడాలా అని వెనకనుంచి ఎవరో అందుకున్నారు. అందరికంటే గట్టిగా అన్నది రిటైరైన హెడ్మాస్టరమ్మ. వెన్నలాంటి తెలుపు, ముగ్గుబుట్టలాంటి జుట్టు, ఊళ్ళో సగంమంది చెవులు మెలిపెట్టిన చేయి. తన కార్డులో ఇంటి నంబరు తప్పు పడిందని దిద్దించుకోవడానికి వచ్చింది. రెండు గంటలు నిలబడి పరదా తోసుకుని లోపలికి వచ్చేసింది.

పెద్దమ్మ ఆవిడ కార్డు అడిగి తీసుకుంది. చూసి, నెమ్మదిగా, "టీచరుగారూ, ఇందులో మీ ముక్కేది?" అంది.

హెడ్మాస్టరమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని చూసింది. నిజంగానే లేదు. తెల్లతెర ముందు, ఎదురు దీపంలో ఆ తెల్లటి ముఖం ఖాళీ పళ్ళెంలా పడింది. రెండు కళ్ళు, ఒక గీత. ముద్ర వేసేవాళ్ళకు తెల్లగా ఉంటే చాలు, స్పష్టంగా ఉన్నట్టే. ఎనిమిది నెలలుగా ఆవిడ ఆ కార్డు సంచిలో పెట్టుకుని తిరుగుతోంది, ఒక్కరూ అడగలేదు.

పెద్దమ్మ ఆవిణ్ణి కూర్చోబెట్టి, దీపాన్ని దూరంగా జరిపి, ముఖం మీద కాస్త నీడ పడేలా నల్లగుడ్డ ఒకవైపు పట్టించి ఫొటో తీసింది. ముక్కు, ముడతలు, తరగతిని నోరెత్తకుండా కూర్చోబెట్టే చూపు, అన్నీ వచ్చాయి. హెడ్మాస్టరమ్మ ఆ ఫొటో, పాత కార్డు పట్టుకుని ఇరవై ఆరు మెట్లూ దిగుతూ, ఒక్కో మెట్టు మీద ఆగి వరసలో ఉన్నవాళ్ళకు చూపించింది. వాళ్ళలో రేవు పేట ఆడవాళ్ళు కూడా ఉన్నారు. ఒకామె తన తిరిగొచ్చిన ఫొటో తీసి చూపించింది. ఇద్దరూ దాన్నీ పాత కార్డునూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. ఒకదాంట్లో మనిషి వెలుగులో కరిగిపోయింది, ఇంకోదాంట్లో చీకట్లో మునిగిపోయింది. హెడ్మాస్టరమ్మ మళ్ళీ పైకెక్కి వచ్చి, మా గుమాస్తా ముందు నిలబడి, ఇక మీదట వరసలో ఎవరైనా గొణిగితే తనకు చెప్పమంది. వాడు కూడా ఆవిడ దగ్గర చదువుకున్నవాడే. లేచి నిలబడ్డాడు పాపం.

అయితే కాగితం కాగితమే. పనిలో ఆలస్యం, ఉత్తర్వు ఉల్లంఘన అని పెద్దమ్మకు మెమో వచ్చింది. ఆఫీసరుగారు ఆవిణ్ణి పిలిపించి మంచిగానే చెప్పి చూశాడు. అందరికీ ఒకటే దీపం, ఒకటే కొలత, సమానత్వమంటే అదే కదమ్మా అన్నాడు.

"ఊరందరికీ ఒకటే కొలత చొక్కా కుట్టిస్తే సమానత్వం అవుతుందా సార్?" అంది పెద్దమ్మ. "అందరి ముఖమూ ఒకేలా తెలియాలి. దానికి దీపం జరపాలి."

విచారణకు పైఆఫీసు నుంచి తనిఖీ అధికారి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, తక్కువ మాట్లాడే మనిషి. మెమోకు జవాబు ఎక్కడని అడిగాడు. రాయలేదండీ, చూపిస్తాను అంది పెద్దమ్మ. బయట బెంచీ మీద రేవు పేట మనుషులు ఆరుగురు కూర్చుని ఉన్నారు. క్రేనాయన, తాళ్ళు పేనే ఆయన, రేవు ఆస్పత్రి నర్సు, బడి పంతులు, లెక్కల చదువు చదివే అమ్మాయి, బట్టలు కుట్టే ఆవిడ. పెద్దమ్మ వాళ్ళ పాత ఫొటోలు ఆరూ ఆయన చేతికిచ్చింది. ఎవరిది ఏదో ఆయన్నే పోల్చుకుని, ఎవరి ఫొటో వాళ్ళకు ఇమ్మంది.

ఆయన బెంచీ ముందు నిలబడ్డాడు. ఫొటో చూశాడు, మనుషుల్ని చూశాడు, మళ్ళీ ఫొటో చూశాడు. ఆఫీసంతా పని ఆపి చూస్తోంది. నర్సుది బట్టలు కుట్టే ఆవిడకు ఇచ్చాడు. పంతులుది క్రేనాయనకు. ఆరింటిలో ఒకటి సరిపోయింది. అది కూడా లెక్కల అమ్మాయి జడను బట్టి.

"వీటిని చూసి గేటు దగ్గర జవాను వీళ్ళను లోపలికి పంపాలి సార్" అంది పెద్దమ్మ. తరవాత కొత్తవి ఆరూ ఇచ్చింది.

ఈసారి ఆయన చకచకా ఇచ్చేస్తాడనుకున్నాం. ఇవ్వలేదు. ఒక్కొక్కరి ముందూ ఆగాడు. ఫొటోలో ఉన్నది ముఖంలో వెతికాడు, ముఖంలో ఉన్నది ఫొటోలో వెతికాడు. ఆరూ సరిగ్గా ఇచ్చాడు. చివరిది క్రేనాయనది. ఫొటో ఇచ్చి, పక్కకు వెళ్ళబోయి ఆగాడు.

"ఈ దెబ్బ ఎలా తగిలింది?"

"కొక్కెం జారిందండి. కింద ఇద్దరున్నారు. వాళ్ళను తోసేసరికి నాకు తగిలింది."

"వాళ్ళు బాగున్నారా?"

"ఒకడు మా వాడే. రెండోవాడు మీ వైపు పిల్లాడు. ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి" అని క్రేనాయన కొంచెం నవ్వాడు. పెదవి ఎడమవైపే లేచింది, ఫొటోలో ఉన్నట్టు.

తనిఖీ అధికారి మా ఆఫీసరుగారిని పక్కకు పిలిచి మాట్లాడాడు. అప్పుడు ఆఫీసరుగారు చేసిన పని ఆయన గురించి చెప్పుకోదగ్గది. మెమో తాను రద్దు చేయలేడు గనక, దాని కిందే తన చేత్తో రాశాడు. ఫొటోగ్రాఫరు చెప్పింది నిజమనీ, మూడువందల పన్నెండుమందీ నెలాఖరులోపు అయ్యేదాకా ఆఫీసు ఒక గంట ముందే తెరుస్తామనీ, ఆలస్యానికి బాధ్యత తనదేననీ రాసి సంతకం పెట్టాడు. మర్నాటి నుంచి ఒక గంట ముందే వచ్చాం. హెడ్మాస్టరమ్మ ఆ ఉదయాలు మెట్లకింద కుర్చీ వేసుకుని వరస నడిపింది. గుమాస్తా దీపం తాడు పట్టుకునేవాడు. మొదట్లో ముఖం మాడ్చుకుని పట్టుకున్నాడు. అయిదో రోజుకల్లా "అక్కా, ఈయనకు ఇంకొంచెం పక్కకు జరపనా?" అని తానే అడగసాగాడు. జోకు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒకరోజు తాళ్ళాయన ఇంట్లోవాళ్ళను తీసుకొస్తే, గుమాస్తా ఆయనకు కుర్చీ తుడిచి వేస్తూ, ఆ రోజు మీరు వరసలో ఉన్నారు కదా అని అడిగి తల దించుకున్నాడు. "ఉన్నాను" అన్నాడు తాళ్ళాయన. అంతే, గుమాస్తా మళ్ళీ దీపం తాడు అందుకున్నాడు.

నెలాఖరుకు రెండు రోజుల ముందు అన్ని కార్డులూ వచ్చాయి. ఒక్కటీ తిరిగి రాలేదు. ఒకటో తారీఖు పొద్దున పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకుని రేవు గేటు దాకా నడిచింది. పనేమీ లేదు, ఊరికే చూద్దామంది. గేటు ఎదుట నిలబడి చూశాం. జవాను కార్డు చూడటం, మనిషిని చూడటం, లోపలికి పంపడం. వరస కదులుతోంది. రేవువాళ్ళూ మనవాళ్ళూ కలిసే ఉన్నారు, పని అందరిదీ అదే. క్రేనాయన మమ్మల్ని చూసి టోపీ ఎత్తాడు. పెద్దమ్మ చీర కొంగు సర్దుకుని నిటారుగా నిలబడింది. ఆవిడ అంత నిటారుగా నిలబడటం స్టూడియో రోజుల్లో కూడా నేను చూడలేదు. గర్వం ఒకరికి ఎంత అందంగా అమరుతుందో ఆ పొద్దున తెలిసింది.

ఏడాది తిరక్కుండా గోడమీద కాగితం మారింది. "కూర్చున్న వ్యక్తి ముఖాన్ని బట్టి వెలుతురు అమర్చవలెను" అని దేశంలో ఉన్న అన్ని ఆఫీసులకూ ఉత్తర్వు వెళ్ళింది. అందులో మా పెద్దమ్మ పేరు లేదు, ఉండాలని ఆవిడా అనుకోలేదు. కానీ ఆ వాక్యం ఉన్న కాగితం మా ఆఫీసుకు వచ్చినప్పుడు నేను దాన్ని రెండుసార్లు చదివాను. దేశమంతటా ఎన్ని ముఖాలుంటే అన్నింటికీ చోటున్న వాక్యం అది.

ఆ తరవాత పదకొండు ఊళ్ళ ఫొటోగ్రాఫర్లకు ఆవిడే శిక్షణ ఇచ్చింది. రిటైరయ్యాక కూడా పిలిచేవారు. డెబ్బై నిండిన ఏడు, మోకాళ్ళు సహకరించకపోతే, నేనే ఆవిణ్ణి శిక్షణ గదికి తీసుకెళ్ళాను. అప్పటికి కెమెరాలు మారిపోయాయి, ఫిల్ము లేదు. కొత్తగా చేరిన ఒక అమ్మాయి నోటుపుస్తకం తెరిచి పట్టుకుని అడిగింది.

"మేడం, రేవువాళ్ళను తీసేటప్పుడు దీపం ఎక్కడ పెట్టాలి?"

"ఎవరిని?"

"రేవువాళ్ళను మేడం."

"వాళ్ళలో ఎవరిని?" అంది పెద్దమ్మ. ఆ పిల్ల బిక్కముఖం వేసింది. పెద్దమ్మ నవ్వి, బయట కార్డుల కోసం ఎవరైనా కూర్చుని ఉంటే ఒకరిని వెంటబెట్టుకు రమ్మంది. ఆ అమ్మాయి వెళ్ళి ఒక నడివయసు ఆవిణ్ణి తీసుకొచ్చింది. చేతిలో కూరల సంచి, ముఖంలో తొందర.

పెద్దమ్మ ఆ సంచి అందుకుని బల్లమీద పెట్టింది. కుర్చీ చూపించి, ఎక్కణ్ణుంచి వస్తున్నారమ్మా, ఎండలో చాలాసేపు నిలబడ్డారా అని అడిగింది. ఆవిడ జవాబు చెబుతూ చెబుతూ కూర్చుంది. నోటుపుస్తకం పట్టుకున్న అమ్మాయి ఏం రాయాలో తెలియక, కాసేపటికి పుస్తకం మూసి, ఆవిడ ముఖంలోకి చూడటం మొదలుపెట్టింది.